బాతుపిల్ల కోడిని అమ్మ అనుకోవడం వెనక

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయంలో, పాడి రైతులూ డిగ్రీ విద్యార్థులూ కలిసిన సాయంత్రం ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగానికి రాతరూపం. మధ్యలో సభలోంచి వచ్చిన ప్రశ్నలు కొన్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినబడుతోందా? సరే.

బాతు గుడ్లు కోడిపెట్ట కింద పొదగెయ్యడం మన దగ్గర ఎవరికీ కొత్త కాదు. పెంపుడు బాతులు చాలావాటికి పొదుగు మీద నిలకడగా కూర్చునే గుణం పోయింది. కోడిపెట్ట ఆ పని చేసిపెడుతుంది. దాని సొంత గుడ్లయితే 21 రోజులు, బాతు గుడ్లకి 28 రోజులు. పాపం ఇంకో వారం ఎక్కువే కూర్చుంటుంది. పిల్లలు దిగాక అసలు కథ. బాతుపిల్లలన్నీ ఆ పెట్ట వెనకే తిరుగుతాయి. అది 'క్లక్ క్లక్' అంటే పరిగెత్తుకొస్తాయి, రెక్కల కింద దూరతాయి. ఒకరోజు కాలవ గట్టు దాకా వెళ్తాయి. పిల్లలు నీళ్ళలోకి దిగిపోతాయి. పెట్ట గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ గోల పెడుతుంది. మీరంతా చూసే ఉంటారు, చూసి నవ్వే ఉంటారు.

ఆ నవ్వు అయ్యాక ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ పిల్లకి ఈత ఎవరూ నేర్పలేదు, అయినా వచ్చు. అమ్మ ఎవరో మాత్రం పుట్టుకతో తెలియదు, అది నేర్చుకోవాలి, నేర్చుకుని తప్పుగా నేర్చుకుంది. అంత ముఖ్యమైన సంగతిని ప్రకృతి ఎందుకు నేర్చుకోవడానికి వదిలేసింది? ఎప్పుడు నేర్చుకుంటుంది? నేర్చుకున్నది మార్చుకోగలదా? ఈ మూడింటికీ జవాబు ఆ పిల్ల మెదడు ఏ రోజున ఎంతవరకు తయారయింది అన్న దాంట్లోనే ఉంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదీ అంతే. పిల్లల మెదడుని మనం సగం కట్టి ఆపేసిన పెద్ద మెదడులా చూస్తాం. నా లెక్కలో అది ఆ వయసులో చెయ్యాల్సిన పనికి సరిగ్గా సరిపోయేలా ఉన్న మెదడు. దానికి చేతకానివాటిలో కూడా చాలావాటికి కారణం ఉంటుంది.

కోడిపిల్లల మీద దీన్ని మొదట శ్రద్ధగా చూసినవాడు ఇంగ్లండులో డగ్లస్ స్పాల్డింగ్. 1873లో రాశాడు. గుడ్డులోంచి బయటికొచ్చే పిల్ల ఇంకా కళ్ళు తెరిచి లోకాన్ని చూడకముందే తలకి చిన్న ముసుగు తొడిగేవాడు. ముసుగు తొందరగా తీస్తే పిల్ల కదిలే దేని వెనకైనా నడిచేది, ఆయన వెనక కూడా. దాదాపు నాలుగు రోజులు ముసుగులో ఉంచి తీస్తే అదే పిల్ల ఆయన్ని చూసి హడలిపోయి పారిపోయింది. మధ్యలో ఎవరూ దాన్ని భయపెట్టలేదు, అది ఏమీ చూడనే లేదు. లోపల ఏదో మారిపోయింది. తరువాత ఆస్ట్రియాలో కొన్రాడ్ లోరెంజ్ బూడిదరంగు బాతుల మీద, అంటే హంసజాతి బాతుల మీద, ఇదే చూసి 1935లో వివరంగా రాశాడు. తన వెనక వరసగా నడిచే పిల్లలతో ఉన్న ఆయన ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఎక్‌హార్డ్ హెస్ అనే ఆయన అమెరికాలో గంటలు లెక్కపెట్టి చూస్తే, బాతుపిల్లలకి ఈ ముద్ర, అంటే మొదట చూసినదాన్నే అమ్మగా మనసులో నాటుకోవడం, అన్నిటికంటే గట్టిగా పడేది పుట్టిన 13 నుంచి 16 గంటల మధ్య అని తేలింది. ఒక్క రోజు కూడా కాదు చూడండి.

మన కాలవలకి నీళ్ళు వదిలే రోజు ఉంటుంది, కట్టేసే రోజు ఉంటుంది. నారు పొయ్యాలంటే ఆ మధ్యలోనే పొయ్యాలి. మెదడులో కొన్ని పాఠాలకి కూడా అలాంటి గడువు ఉంది. కాకపోతే ఇక్కడ గేటు తిప్పేది ఎవరన్నది చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

కేంబ్రిడ్జిలో గాబ్రియెల్ హార్న్ బృందం కోడిపిల్ల మెదడులో ఆ జాగా ఎక్కడుందో పట్టుకుంది. మెదడు పైభాగంలో మధ్యగా ఉండే చిన్న ముక్క. అది దెబ్బతింటే పిల్ల మిగతా అన్ని పనులూ మామూలుగానే చేస్తుంది గానీ అమ్మ ముద్ర నిలవదు. ఆ బృందమే ఇంకొక తమాషా గమనించింది. ఏ అనుభవమూ లేని పిల్లకి కూడా తలా మెడా ఉన్న ఆకారం మీద కాస్త మొగ్గు ఉంటుంది. ఎర్రపెట్టె ఒకవైపు, గడ్డి కూరిన అడవికోడి బొమ్మ ఒకవైపు పెడితే బొమ్మవైపు వాలుతుంది. అంటే పుట్టుక ఇచ్చింది ఒక స్థూలమైన సూచన: 'తల ఉన్నదాని వైపు చూడు' అని. ఆ తల ఎవరిది, ఏ రంగు, ఏ గొంతు అన్నది మొదటిరోజు నింపుకుంటుంది. నా మొదటి ప్రశ్నకి జవాబు ఇదే. తన తల్లి ఫలానా పెట్ట అని గుడ్డులోనే రాసి పెట్టడం కుదరదు. పిల్ల కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఉండేది తల్లే అన్న భరోసా మీద మాత్రం ఆధారపడొచ్చు. లక్షల ఏళ్ళుగా ఆ భరోసా నిలబడింది. మధ్యలో మనం వచ్చి గుడ్లు మార్చాం.

ఇక గేటు సంగతి. 2012లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించింది ఏమిటంటే, పిల్ల కదిలే వస్తువుని చూడగానే థైరాయిడ్ హార్మోన్ మెదడులోకి ఎక్కువగా చేరుతుంది, అదే ఆ గడువుని తెరుస్తుంది. గడువు దాటిపోయిన పిల్లలకి ఆ హార్మోన్ ఇస్తే మళ్ళీ ముద్ర వేయించగలిగారు. మనం మెడ దగ్గర వాపు వస్తేనే గుర్తుచేసుకునే థైరాయిడ్ ఇక్కడ పాఠం మొదలుపెట్టే పని చేస్తోంది. నాకు ఈ విషయం చదివినప్పుడు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, నిజంగా.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం, గుడ్డు లోపలికి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

పొదుగు చివరి రోజుల్లో గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి నుంచి సన్నగా 'కీచ్ కీచ్' వినబడుతుంది. పిల్ల ముక్కుతో గాలిగదిని పొడిచి ఊపిరి మొదలుపెట్టాక అరుస్తుంది. ఎందుకు అరుస్తుంది, ఎవరి కోసం? అమెరికాలో గిల్బర్ట్ గాట్లీబ్ దీనిమీద ఏళ్ళకేళ్ళు పనిచేశాడు. బాతుపిల్ల పుట్టగానే బాతుతల్లి పిలుపునీ కోడితల్లి పిలుపునీ రెండు స్పీకర్లలో వినిపిస్తే బాతు పిలుపువైపే వెళ్తుంది. అంతకుముందు తల్లి గొంతు వినని పిల్ల కూడా. అందరూ ఇది పుట్టుకతో వచ్చిందనే అనుకున్నారు. గాట్లీబ్ అనుకోలేదు. గుడ్డులో ఉన్నప్పుడే పిల్ల గొంతు పలకకుండా చేసి, తోడు పిల్లల గొంతులు కూడా వినబడకుండా విడిగా ఉంచాడు. ఆ పిల్ల పుట్టాక బాతు పిలుపుకీ కోడి పిలుపుకీ తేడా పట్టలేకపోయింది. తన గొంతు తను వినడమే దాని చదువు అన్నమాట. పుట్టుక, పెంపకం అని రెండు ఖానాలు గీసి వాదించుకునేవాళ్ళకి ఈ ఒక్క ప్రయోగం చాలు. పుట్టకముందే పెంపకం మొదలైపోయింది, అదీ పిల్ల తనంతట తనే చేసుకుంటోంది.

రెండోది వెలుతురు. కోడిపిల్ల గుడ్డులో చివరి మూడు రోజులు ఎలా ముడుచుకుని ఉంటుందో గమనించారా? తల పక్కకి తిప్పుకుని ఉంటుంది. ఎడమ కన్ను తన ఒంటికి ఆనుకుని మూసుకుపోతుంది, కుడి కన్ను పెంకువైపు ఉంటుంది. పెంకులోంచి కొంచెం వెలుతురు లోపలికి వస్తుంది, అది కుడి కంటికే తగులుతుంది. పక్షుల్లో కుడి కంటి సమాచారం ఎక్కువగా ఎడమ మెదడుకి పోతుంది. ఆస్ట్రేలియాలో లెస్లీ రోజర్స్ అనే శాస్త్రవేత్త చూపించింది ఇదీ: ఆ చివరి రోజుల్లో రెండు మూడు గంటల వెలుతురు పడితే చాలు, మెదడు రెండు వైపులూ పని పంచుకుంటాయి. కుడి కన్ను గింజని రాయి నుంచి వేరుచేసే పని చూసుకుంటుంది, ఎడమ కన్ను ఆకాశం మీద ఓ చూపు వేసి ఉంచుతుంది. పరీక్ష కూడా మనకి అర్థమయ్యేదే పెట్టారు. నేల మీద చిన్న రాళ్ళలో గింజలు కలిపి చల్లారు. పైన గద్ద ఆకారం కదిలించారు. వెలుతురు చూసిన గుడ్డులోంచి వచ్చిన పిల్లలు మేస్తూనే గద్దని కనిపెట్టాయి. పూర్తి చీకట్లో పొదిగిన పిల్లలకి రెండు పనులూ కలిపి చెయ్యడం కష్టమైంది. గింజలూ సరిగ్గా ఏరలేకపోయాయి, గద్దనీ ఆలస్యంగా చూశాయి.

ఇప్పుడు మన పెరట్లో పెట్టని గుర్తుచేసుకోండి. పొదుగు మీద కూర్చున్నది రోజుకోసారి లేస్తుంది. గింజ తిని, నీళ్ళు తాగి, దుమ్ములో పొర్లి వస్తుంది. ఆ కాసేపు గుడ్ల మీద వెలుతురు పడుతుంది. లేవడం అశ్రద్ధ అని మనం అనుకుంటాం, గంప బోర్లించేస్తాం. అది లేచినందువల్ల లోపలి పిల్లకి జరిగే మేలు ఇదీ.

(సభలోంచి ఒకరు: "డాక్టరు గారూ, మరి హేచరీలో మిషన్ చీకటేగా అండి? తణుకూ అనపర్తీ వైపు ఇన్ని లక్షల పిల్లలు దిగుతున్నాయి, అవన్నీ తెలివి తక్కువవా?")

ఆయ్, మంచి ప్రశ్న. షెడ్డులో పెరిగే కోడికి గద్దా లేదు, రాళ్ళలో గింజలు ఏరాల్సిన పనీ లేదు. దాణా ముందుకే వస్తుంది. అందుకని లోటు బయటపడదు. తెలివి తక్కువ అనను, మెదడు ఒక పని పంచుకోలేదు అంటాను. మీరు హేచరీ పిల్లలు పదో పాతికో కొని తెచ్చి పెరట్లో వదిలేద్దామనుకుంటే మాత్రం ఇది గుర్తుంచుకోండి. నాటుపెట్ట కింద పెరిగిన పిల్లతో సమానంగా అవి గద్దని తప్పించుకోవాలని ఆశించకండి. వాటికి తల్లి కేక నేర్పే పాఠం కూడా లేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పుట్టీ పుట్టగానే లేచి తిరిగే జాతులు. గేదెదూడ కూడా అంతే, మేకపిల్ల అంతే. ఈనిన గంటా రెండు గంటల్లో కాళ్ళ మీద నిలబడి పొదుగు వెతుక్కుంటుంది. రెండో రకం కుక్కపిల్ల, పిల్లికూన, పావురంపిల్ల, ఎలుకపిల్ల. కళ్ళు మూసుకునే పుడతాయి. కుక్కపిల్లకి కళ్ళు తెరుచుకోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు, చెవులు సరిగ్గా వినబడటానికి మూడో వారం. మనం కూడా ఒకరకంగా ఈ బడిలోవాళ్ళమే. పుట్టిన బిడ్డ మెదడు పెద్దవాళ్ళ మెదడులో మూడో వంతు కూడా ఉండదు. అందుకే మాడు అంత మెత్తగా ఉంటుంది, మన అమ్మమ్మలు ఆముదం అద్ది అంత జాగ్రత్తగా చూస్తారు. మొదటి రకం తొందరగా నేర్చుకుంటుంది, తొందరగా గట్టిపడుతుంది. రెండో రకం నిస్సహాయంగా పుట్టి, తల్లి పక్కన పడుకుని, చాలాకాలం మారుతూ ఉంటుంది.

ఈ నిస్సహాయత ఎంత పకడ్బందీగా ఉంటుందో ఎలుకపిల్లలో చూడాలి. మన పొలాల్లో ఎలుకల బుట్టలు పెట్టేవాళ్ళని అడిగితే ఎలుక ఎంత అనుమానపు జీవో చెబుతారు. ఒకసారి దెబ్బ తిన్న చోటికి మళ్ళీ రాదు. అదే ఎలుక పుట్టిన పది రోజుల లోపు ఎలా ఉంటుంది? అమెరికాలో రెజీనా సల్లివాన్ బృందం చేసిన పని ఇది. పిల్లకి పుదీనా లాంటి ఒక కొత్త వాసన చూపించి, వెంటనే చిన్న షాక్ ఇస్తారు. పెద్ద ఎలుక అయితే ఆ వాసన వస్తే చాలు పారిపోతుంది. పది రోజుల లోపు పిల్ల ఏం చేస్తుందంటే ఆ వాసన వైపే వెళ్తుంది. నొప్పి తెలియక కాదండి, షాక్ తగిలితే ఒళ్ళు ముడుచుకుంటుంది, అరుస్తుంది. భయాన్ని నేర్చుకునే అమిగ్డలా అనే భాగం ఆ పాఠంలో ఇంకా చేరదు, ఎందుకంటే దాన్ని కదిలించే ఒత్తిడి హార్మోను ఆ వయసులో చాలా తక్కువగా ఉంటుంది. మరోవైపు, వాసనని 'ఇది మనది' అని ముద్ర వేసే రసాయనం ధారాళంగా వస్తుంది.

ఇది లోపంలా కనబడుతుంది గానీ ఆలోచించండి. బొరియలో ఉన్న పిల్లకి ప్రపంచం అంటే తల్లే. తల్లి బొరియలోకి వస్తూ పోతూ పిల్లల్ని తొక్కుతుంది, నోట కరిచి ఈడ్చుకెళ్తుంది. నొప్పి కలిగిన ప్రతిసారీ తల్లి వాసన మీద భయం పెట్టుకుంటే ఆ పిల్ల పాలు తాగదు, చచ్చిపోతుంది. కాబట్టి ఆ వయసు మెదడు ఏ నొప్పికీ తల్లిని బాధ్యురాలిని చెయ్యలేదు. పది రోజులు దాటాక భయం నేర్చుకోవడం మొదలవుతుంది. అయితే పదిహేను రోజుల దాకా ఒక మెలిక ఉంది. తల్లి పక్కన ఉంటే ఆ ఒత్తిడి హార్మోను మళ్ళీ తగ్గిపోతుంది, పిల్ల మళ్ళీ పాత పద్ధతిలోనే వాసన వైపు వెళ్తుంది. తల్లి లేనప్పుడు జాగ్రత్త నేర్చుకుంటుంది, ఉన్నప్పుడు నమ్మకం. ఈ పరిశోధన చేసినవాళ్ళ దృష్టి ఎలుకల మీదే ఆగలేదు. కొట్టే తల్లిదండ్రుల్ని కూడా పసిపిల్లలు ఎందుకు అంటిపెట్టుకుని ఉంటారన్నది వాళ్ళ అసలు ప్రశ్న. దాని మీద నేను ఎక్కువ మాట్లాడను, నాది పశువుల డాక్టరీ.

మరిచిపోవడం గురించి కూడా చెప్పాలి. మూడేళ్ళ లోపు జరిగింది మనకెవరికీ గుర్తుండదు. ఇది మనుషుల ఒక్కరికే కాదు, ఎలుకపిల్లలకి కూడా ఉంది. నేర్పిన పాఠాన్ని పెద్ద ఎలుక వారాల తరబడి గుర్తుంచుకుంటే పిల్ల కొద్దిరోజుల్లో మరిచిపోతుంది. కెనడాలో టొరంటో శాస్త్రవేత్తలు 2014లో దీనికి ఒక కారణం చూపించారు. జ్ఞాపకాలు మొదట నిలిచే హిప్పోకాంపస్ అనే భాగంలో, పసివయసులో కొత్త నాడీకణాలు విపరీతంగా పుడుతుంటాయి. కొత్తవి వచ్చి పాతవాటి మధ్య అల్లుకునేసరికి అంతకుముందున్న కనెక్షన్లు చెదిరిపోతాయి. అందుకే నిన్నటి పాఠం పోతుంది. ఈ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి వాళ్ళు అటూ ఇటూ తిప్పి చూశారు. చిట్టెలుక పిల్లల్లో కొత్త కణాలు పుట్టడం మందుతో తగ్గిస్తే మరుపు తగ్గింది. పెద్ద చిట్టెలుకల్ని చక్రం మీద పరిగెత్తించి కొత్త కణాలు పెంచితే, అంతకుముందు నేర్చుకున్నది మరిచిపోయాయి. అన్నిటికంటే గట్టి సాక్ష్యం గినీపంది. పేరుకే పంది, ఎలుకల తరహా చిన్న జంతువు. అది కళ్ళు తెరిచి, వెంట్రుకలతో, పుట్టిన రోజే తిరిగేలా పుడుతుంది. దాని హిప్పోకాంపస్ చాలావరకు కడుపులోనే తయారైపోయి ఉంటుంది. గినీపంది పిల్ల నేర్చుకున్నది మరిచిపోదు.

కాబట్టి పసిపిల్ల మరిచిపోతోందంటే బుర్రలో గుజ్జు లేదని కాదు. అక్కడ నిర్మాణం జరుగుతోంది.

తాడిచెట్ల మీద గిజిగాడి గూళ్ళు చూస్తుంటాం కదా, దాని సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకి పోతాను. ఆ అల్లిక పుట్టుకతో వచ్చే విద్య అని బడిలో చెబుతారు, సగమే నిజం. ఆఫ్రికా గిజిగాళ్ళ మీద కోలియాస్ దంపతులు చేసిన ప్రయోగంలో, చిన్నప్పుడు గడ్డీ ఆకులూ అందకుండా పెంచిన మగపిట్టలు పెద్దయ్యాక అల్లలేక తంటాలు పడ్డాయి. పోచ చీల్చడం కూడా సరిగ్గా రాలేదు. పిల్ల వయసులో మెలితిప్పి, వదిలేసి, మళ్ళీ పట్టుకునే ఆ ఆటంతా ముక్కుకీ మెదడుకీ కసరత్తు.

ఇప్పుడు పాకలోకి వద్దాం. మనవాళ్ళు చాలామంది ఇక్కడికి వచ్చింది దీనికోసమే.

మన పద్ధతి ఏమిటి? దూడ పుట్టగానే ముర్రుపాలు తాగిస్తాం, అది మంచి పని, మొదటి రెండు గంటల్లో తాగించండి. తరువాత పెయ్యయితే ఒక గుంజకి, దున్నదూడయితే, చెప్పడానికి సిగ్గేసే సంగతే, ఎక్కడో ఒక మూలకి. పలుపు మూరెడు. పాలు పితికేటప్పుడు చేపడానికి ఒక నిమిషం వదిలి మళ్ళీ కట్టేస్తాం. మిగతా రోజంతా ఆ దూడ ఒక్కర్తీ గోడ చూస్తూ ఉంటుంది. అది ఆడుకోదు, ఇంకొక దూడని తాకదు.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పాడి దూడల మీద చేసిన ఒక పరీక్ష 2014లో అచ్చయింది. కొన్ని దూడల్ని విడివిడిగా, కొన్నిటిని జతలుగా పెంచారు. దూడ ముందు ఒక తెర ఉంటుంది. ఒక రంగు కనబడినప్పుడు దగ్గరికి వెళ్తే పాలు దొరుకుతాయి, ఇంకో రంగుకి వెళ్తే ఏమీ దొరకదు, కాసేపు ఆగాల్సి వస్తుంది. దీన్ని రెండు రకాల దూడలూ సమానంగానే నేర్చుకున్నాయి. అప్పుడు రంగులు తారుమారు చేశారు. నిన్నటిదాకా పాలు ఇచ్చిన రంగు ఇవాళ ఇవ్వదు. జతగా పెరిగిన దూడలు సర్దుకున్నాయి. ఒంటరిగా పెరిగినవి పాత రంగు దగ్గరికే మళ్ళీ మళ్ళీ పోయాయి. ఇంకో పరీక్షలో కొత్త వస్తువు ఒకటి దొడ్లో పెట్టారు. మొదట రెండు రకాలూ కంగారుపడ్డాయి. జత దూడలకి త్వరగా అలవాటైపోయింది, ఒంటరి దూడలకి ప్రతిసారీ అది కొత్త వస్తువే.

మన ప్రాంతంలో దీని విలువ ఏమిటంటారా? గేదె జీవితమంతా మారుతూనే ఉంటుంది కదండి. అమ్మితే పాక మారుతుంది, పితికే చెయ్యి మారుతుంది, ఇప్పుడు మిషన్ కూడా వస్తోంది. వరదొస్తే ఏటిగట్టు మీదకి తోలుకుపోవాలి, అక్కడ టార్పాలిన్ కింద వందల గేదెల మధ్య, మైకులూ పడవలూ. లంక గ్రామాలవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. వరద రోజుల్లో గట్టు మీద తిరిగేటప్పుడు నేను చూసేది ఇదే: కొన్ని గేదెలు చోటు మారిన పూటే గడ్డి అందుకుంటాయి, కొన్ని రెండు రోజులు నోరు ముట్టవు, పాలు ఎగ్గొడతాయి. అన్నిటికీ పెంపకమే కారణమని నేను అనను, కాకపోతే మార్పుకి సర్దుకోవడం అనేది దూడగా ఉన్నప్పుడు నేర్చుకునే పాఠమే. చెయ్యాల్సింది ఖర్చు లేని పని. రెండు దూడలుంటే ఒకచోట వదలండి. ఒక్కటే ఉంటే పక్కింటి దూడతో రోజూ కొబ్బరితోటలో కాసేపు వదలండి. ఎగురుతాయి, తలలు పెట్టి కుమ్ముకుంటాయి. కుమ్ముకోనివ్వండి.

మేత కూడా అంతే. ఆస్ట్రేలియాలో గొర్రెపిల్లలకి తల్లితో కలిపి కొద్దిరోజులు గోధుమ రుచి చూపించారు. తరువాత అది పెట్టనే లేదు. రెండు మూడేళ్ళు గడిచాక పెడితే వెంటనే తిన్నాయి. చిన్నప్పుడు చూడని గొర్రెలు మూతి తిప్పుకున్నాయి. మనం జనుమో, పిల్లిపెసరో, కొత్తగా అజొల్లానో చూడి గేదెకి మొదటిసారి పెట్టి 'తినటం లేదండి' అంటాం. రేపు ఏమేం పెట్టాలనుకుంటున్నారో అవన్నీ దూడ తల్లి పక్కన ఉండగానే, తల్లి తింటుంటే చూసి మూతి పెట్టేలా తలా గుప్పెడు పెట్టండి.

ఒక్క కంటి సంగతి, మధ్యలో గుర్తొచ్చింది. హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు పిల్లికూన ఒక కన్ను మొదటి మూడు నెలల్లో కొంతకాలం మూసి ఉంచారు. తెరిచాక కన్ను బాగానే ఉంది, కానీ మెదడు ఆ కంటితో చూడటం మానేసింది. పెద్ద పిల్లికి అంతకాలం మూసినా ఏమీ కాలేదు. 1981 నోబెల్‌లో వాళ్ళకి వాటా దక్కింది. పుట్టుకతో శుక్లం ఉన్న బిడ్డకి 'పెద్దయ్యాక ఆపరేషన్ చేయిద్దాంలే' అనేవాళ్ళు ఎవరైనా మీ వీధిలో ఉంటే ఇది చెప్పండి. వారాలు కూడా లెక్కే.

(సభలోంచి ఒక మహిళ: "కుక్కపిల్లని ఎన్నో నెలలో తెచ్చుకోవాలండి? మా తమ్ముడు ఇంకా కళ్ళు సరిగ్గా తెరవని దాన్ని తెచ్చేశాడు.")

అమ్మా, అది తొందరే. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా, కాస్త అటూ ఇటూగా, ఎవరు తనవాళ్ళు అన్నది నిలిచే కాలం. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో 1961లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. ఎత్తైన కంచె లోపల, మనుషుల ముఖం కనబడకుండా పిల్లల్ని తల్లితోనే పెంచారు. కొన్నిటిని ఐదో వారంలో, ఏడో వారంలో, ఇలా తలో వయసులో వారం రోజులు బయటికి తీసి మనుషులతో ఉంచారు. అవి మచ్చికయ్యాయి. పద్నాలుగో వారం దాకా మనిషినే చూడనివి తరువాత ఎంత చేసినా అడవి జంతువుల్లాగే ఉండిపోయాయి. ఇది ఒకవైపు. రెండోవైపు, తల్లీ తోడబుట్టినవీ నేర్పే పాఠం ఉంది. పంటితో ఎంత గట్టిగా నొక్కితే అవతలది అరుస్తుంది, ఆట ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఆ కొట్లాటల్లోనే తెలుస్తుంది. అది తెలియని కుక్క రేపు మీ పిల్లాడి చెయ్యి ఆటకే గట్టిగా పడుతుంది. అందుకని ఏడెనిమిది వారాల దాకా తల్లి దగ్గర ఉంచండి, ఆ లోపు రోజూ వెళ్ళి ఎత్తుకోండి, ముసలివాళ్ళనీ పిల్లల్నీ చూపించండి. ఇప్పటికే తెచ్చేశారు కాబట్టి, దాని తోడబుట్టినవి దగ్గర్లో ఉంటే రోజూ తీసుకెళ్ళి కలపండి. రేబిస్ టీకా మాత్రం మూడు నెలలకి మరిచిపోవద్దు.

(ఇంకొకరు: "మా దగ్గరున్న కుక్కకి రెండేళ్ళండి. మగవాళ్ళెవరొచ్చినా మంచం కిందకి దూరిపోతుంది. ఇంక అది అంతేనా?")

అంతే అని నేను అనను. గడువు దాటితే అసలు నేర్చుకోదని కాదు, ఖరీదు పెరుగుతుంది. పసివాడు ఒక్కసారి చూసి పట్టేసేదాన్ని పెద్దది వందసార్లు చూడాలి. గడువు ముగిసేటప్పుడు కొన్ని నాడీకణాల చుట్టూ వలలాంటి పదార్థం కట్టుకుంటుంది, ఉన్న కనెక్షన్లు కదలకుండా అది పట్టి ఉంచుతుంది. 2002లో ఇటలీలో పెద్ద ఎలుకల మెదడులో ఆ వలని ఒక ఎంజైముతో కరిగిస్తే, చూపుకి సంబంధించిన భాగం మళ్ళీ పసితనంలోలా మారగలిగింది. మీ కుక్కకి ఆ ఇంజెక్షన్ నా దగ్గర లేదు. (నవ్వులు) ఉన్నది ఓపిక ఒక్కటే. మంచం కింద నుంచి లాగకండి, ఎవరూ దాని కళ్ళలోకి చూడొద్దు. వచ్చిన మగమనిషి గుమ్మం దగ్గరే కూర్చుని, దానికి బాగా ఇష్టమైన ముక్క ఒకటి తన వైపు కాకుండా దాని వైపు విసిరి, ఊరుకోవాలి. దూరం అది తగ్గించుకోవాలి, మనం కాదు. నెలలు పడుతుంది. కొట్టినవాళ్ళెవరైనా ఇంట్లో ఉంటే ముందు వాళ్ళని ఆపండి. ఆదివారం పొద్దున్న నేను మీ వీధికే వస్తున్నాను, సూదులూ సంచీ లేకుండా వస్తాను. మీరు దాన్ని కట్టెయ్యకుండా ఉంచండి, ఎంత దూరంలో ఆగుతుందో చూద్దాం.